అక్క కోసం కత్తిరించిన గౌను

మా నాన్న కొలత తీస్తుండగా ఎవరూ అబద్ధం ఆడలేరని మా షాపులో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం పెట్టిందీ నాన్నే, కాపాడిందీ నాన్నే. "చేతులెత్తండి" అనగానే మనిషి రెండు చేతులూ పైకెత్తి, గడ్డం ఎగరేసి, ఊపిరి బిగబట్టి నిలబడతాడు. అలా నిలబడినవాడికి బడాయిలు పోయే ఓపిక ఉండదని ఆయన సిద్ధాంతం. భోజనం చేసి వచ్చారా అన్న దగ్గర్నించి పెళ్ళాంతో మాటలున్నాయా లేవా అన్నదాకా, ఆయనకి తెలియాల్సినవన్నీ టేపు తిప్పుతూనే అడిగేవాడు. జవాబులు కూడా వచ్చేవి.

నేను చెప్పబోతున్న ఎండాకాలంలో మాత్రం, వచ్చిన ప్రతి పైలట్‌నీ ఆయన ఒకే ప్రశ్న అడిగాడు.

"డిగ్రీ చేశారా సార్?"

మాది ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. షాపులో గోడకి రెండు కడ్డీలు. కుడిపక్క కడ్డీకి నల్ల గౌన్లు, కాలేజీల కాన్వొకేషన్‌కి. ఎడమపక్క కడ్డీకి తెల్ల చొక్కాలు, భుజాల మీద పట్టీలతో, పైలట్లవి. ఆ పట్టీల మీద బంగారు రంగు గీతలు కుట్టే పని నాన్న ఎవరికీ అప్పగించేవాడు కాదు. చిన్నవాళ్ళకి రెండు, తర్వాత మూడు, కెప్టెన్‌కి నాలుగు. అమ్మ కాజాలు తీసేది. నేను గుండీలు కుట్టేదాన్ని, తిట్లు తినేదాన్ని. నాకప్పుడు పదిహేడు. అక్కకి ఇరవై. డిగ్రీలో రెండేళ్ళు గడిచి ఒక్క ఏడాది మిగిలింది.

వీధి అవతల నడిచిపోయే మనిషి భుజం అర అంగుళం తేడా లేకుండా చెప్పగలిగే కన్ను మా నాన్నది. ఇంట్లోవాళ్ళకైతే టేపు పెట్టేవాడే కాదు. "మీకు టేపెందుకే, నాకు తెలీదా?" అనేవాడు. కుట్టి తెస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయేది. అంత కన్నున్న మనిషికి, పెద్దకూతురు రోజూ ఎడమపక్క కడ్డీ దగ్గరే ఇస్త్రీ చేస్తానని ఎందుకు పేచీ పెడుతుందో తట్టలేదు.

నాకు మాత్రం అంతా తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అనని రోజు లేదు, కానీ ఆ ఒక్క సంగతి రెండు నెలలు కడుపులో దాచుకున్నాను. ఇప్పటికీ అది నా ఘనతే. విమానం నడపడం నేర్పే స్కూల్లో ఏటా రెండు సీట్లు ఫీజు లేకుండా ఇస్తారు. అక్క పరీక్ష రాసింది, డాక్టర్ల పరీక్షలన్నీ దాటింది, అందులో ఒక సీటు తెచ్చుకుంది. వానలు మొదలయ్యే వారంలో చేరాలి. చేరకపోతే ఆ సీటు తర్వాతివాళ్ళకి పోతుంది.

ఉత్తరం రాగానే అక్క దాన్ని తెచ్చి కత్తిరింపు బల్ల మీద, నాన్న సుద్దతో గీస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. సంతోషం ఆయన మొహంలోకి రావడం నేను చూశాను. వచ్చినదాన్ని అలాగే వెనక్కి పంపేసి, కళ్ళజోడు తీశాడు.

"డిగ్రీ అవనీ. తర్వాత చేరుదువుగాని."

"అప్పటికి సీటుండదు నాన్నా. అయినా దీనికి డిగ్రీ అక్కర్లేదు. స్కూల్లో లెక్కలూ ఫిజిక్సూ చదివితే చాలట. ఆ తర్వాత వాళ్ళ పరీక్షలు, ఎగిరిన గంటలు. అంతే."

"చాలట." నాన్న కుట్టుమిషను మీదున్న చొక్కా తీసి తిరగేశాడు. పక్క కుట్టు లోపల మడిచిన గుడ్డని వేలితో విప్పి చూపించాడు. "ఒంటికి సరిపడా ఉంటే చొక్కాకి చాలు. మరి ఇది ఎందుకు వదులుతున్నాను? బయటికి కనపడదు. ఒళ్ళు మారిన రోజున ఇదే ఆదుకుంటుంది. రేపు నీ కన్నో చెవో మొరాయించి ఇక ఎగరొద్దన్నారనుకో, చేతిలో ఏముంటుంది?"

"ఒళ్ళు మారితే కొత్త చొక్కా కుట్టించుకుంటాను."

"అది తేలిగ్గా అనే మాట."

"నువ్వన్నది భయపడి అనే మాట."

అమ్మ కాజా మధ్యలో సూది ఆపి, "ఇద్దరూ ఒకే తానులో గుడ్డ" అని నాతో అంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా ఇంట్లో ఇద్దరు మొండివాళ్ళు, ఉన్నది ఒకటే బల్ల.

మర్నాటి నుంచి విచారణ మొదలైంది. కొలతల పుస్తకంలో భుజం, ఛాతీ, చెయ్యి, పొడవు అన్న గడుల చివర నాన్న స్కేలు పెట్టి ఇంకో గడి గీశాడు. అందులో "ఉంది" అనో "లేదు" అనో రాయడం.

మొదట వచ్చింది రెండు గీతలాయన. చేతులెత్తి, "లేదు మాస్టారూ, స్కూలవగానే ఇటు వచ్చేశాను" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే నాన్న, "ఎడమ భుజం జారింది చూశావా? నిలకడ తక్కువ" అన్నాడు. తర్వాత వచ్చినావిడకి డిగ్రీ ఉంది. "వెన్ను ఎంత నిటారుగా ఉందో చూడు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న సామెత మా నాన్నని చూసే పుట్టి ఉంటుంది.

అక్కేం తక్కువది కాదు. ఇస్త్రీపెట్టె దగ్గర్నించే వకాల్తా పుచ్చుకునేది. "ఆ డిగ్రీ విమానంలో మీకెప్పుడైనా పనికొచ్చిందా మేడమ్?" అని అడిగేది. పాపం చొక్కా కుట్టించుకోడానికి వచ్చిన మనుషులు, బోనులో నిలబడినట్టు ఇటూ అటూ చూసేవాళ్ళు.

నాలుగు గీతల పొడుగు కెప్టెన్ ఒకాయన ఉండేవాడు. ఆయన భుజం అందుకోవాలంటే నాన్న ముక్కాలిపీట ఎక్కాలి. ఆయనన్నది నాకింకా గుర్తుంది.

"నాకు డిగ్రీ ఉందమ్మా, చరిత్రలో. మబ్బులో దూరినప్పుడు ఏ రాజు ఎప్పుడు పోయాడో నన్నెవరూ అడగలేదు. తోలేవాడు బీయేనా బీకామా అని విమానానికి తెలీదు."

అక్క గెలిచినట్టు చూసింది. నాన్న పీట మీదనుంచే టేపు బిగించాడు.

"ఊపిరాడనివ్వండి మాస్టారూ, రెండో సగం చెప్పలేదింకా. నేను ఉద్యోగానికి వెళ్ళినప్పుడు పది కుర్చీలకి ఆరొందల మంది. అందరికీ లైసెన్సుంది, అందరికీ గంటలున్నాయి. కాగితాల కట్ట సగానికి తగ్గించాలి. ఏం చేస్తారు? డిగ్రీ ఉన్నవాళ్ళని ఒక పక్క, లేనివాళ్ళని ఒక పక్క పెట్టారు. నా కాగితం మిగిలిన కట్టలో పడింది. అంతకుమించి అది నాకేమీ చెయ్యలేదు. ఆ మాత్రం చేసింది."

ఈసారి నాన్న గెలిచినట్టు చూశాడు. "ఉంది" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. విమానానికి తెలీదన్న ముక్క పట్టుకుని అక్క వారం రోజులు పాడింది. ఒకే మనిషి చెప్పిన ఒకే మాటని చెరి సగం చింపుకుని, ఎవరి సగం వాళ్ళు దాచుకున్నారు.

మూడు గీతలావిడ ఒకరు వచ్చినప్పుడు మాత్రం అక్క ఇస్త్రీ ఆపేసింది. ఆవిడకి డిగ్రీ లేదు. చెవిలో ఏదో జబ్బు చేసి ఎనిమిది నెలలు ఎగరనివ్వలేదట. "ఆ ఎనిమిది నెలలూ నేనెవరో నాకే తెలీలేదు మాస్టారూ" అంది చేతులెత్తి, పైకప్పు వైపు చూస్తూ. నాన్న ఆ రోజు ఏమీ వ్యాఖ్యానించలేదు. గడిలో "లేదు" అని చిన్నగా రాశాడు.

ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది నా ద్వారానే. చేతికి చెయ్యి దూరంలో ఉండి, "మీ అక్కని కత్తెరిమ్మను" అనేవాడు నాన్న. "మీ నాన్నని తీసుకోమను" అనేది అక్క. తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెడితే లేచే ఆవిరి, సుద్దపొడి, అమ్మ కూనిరాగం, మధ్యలో నేను పోస్టుమాన్‌ని. మా షాపు మీదుగా విమానం పోతే ముగ్గురం తలెత్తేవాళ్ళం. నాన్న తలెత్తకుండా మిషను తొక్కడం ఆపేవాడు, అది దాటిపోయేదాకా. ఇప్పుడు షాపులో ఎవరూ పోట్లాడరు. ఆ పోట్లాట మళ్ళీ ఒక్కపూట వినాలనిపిస్తుంది నాకు.

ఎండాకాలం సగమయ్యేసరికి "ఉంది" పదకొండు, "లేదు" తొమ్మిది. అమ్మ పుస్తకం తిరగేసి చూసి, "ఇరవైమందిని అడిగారు. అడగాల్సినవాళ్ళని తప్ప" అంది. ఎవర్నని నాన్న అడగలేదు.

వానలకి మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం నాన్న షాపు తలుపు ఓరగా వేసి, బల్ల కింది సొరుగులోంచి ఒక నల్ల గౌను తీశాడు. కడ్డీకి వేలాడేవాటిలాంటిది కాదు. జారిపోయే మెత్తటి గుడ్డ, చేతుల అంచుకి సన్నటి పట్టు పట్టీ. కుట్టు ఎక్కడుందో వెతికితే గాని కనపడదు. మా ముగ్గురి కళ్ళూ కప్పి ఎప్పుడు కుట్టాడో తెలీదు.

"వచ్చే ఏడాదికి" అన్నాడు, అక్క వైపు చూడకుండా. "ఈ చేత్తో వేలమందికి కుట్టాను. ఒక్కటి మనింట్లో ఉండాలని."

"ఆలూ లేదు చూలూ లేదు" అని అమ్మ మొదలుపెట్టి, గౌను చూసి మిగతా సామెత మింగేసింది.

అక్కకి పోట్లాడాలని ఉంది. కానీ అంత అందంగా కుట్టినదాన్ని వద్దని ఎలా అంటుంది? తీసుకుని తొడుక్కుంది.

భుజాలు మోచేతుల వైపు జారిపోయాయి. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. కింది అంచు నేలమీద కుప్పపడింది. గౌనన్నాక వదులుగానే ఉంటుంది, నిజమే. ఇది వదులు కాదు. మేము పుట్టాక నాన్న కంటికొలత తప్పడం అదే మొదటిసారి.

నాకు నవ్వొచ్చింది. నాన్న మొహం చూసి ఆపుకున్నాను. అక్క భుజాల మీద అదనంగా వేలాడుతున్న గుడ్డని చూస్తూ, సుద్దముక్క పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయాడు.

"అది దానిది కాదండీ" అంది అమ్మ మెల్లిగా. "మీది."

అక్క గౌను విప్పి బల్ల మీద పరిచింది. నాన్న మెడలోంచి టేపు తీసుకుంది. ముందు గౌను భుజం కొలిచింది, పద్దెనిమిదిన్నర. తర్వాత నాన్న వెనక నిలబడి ఆయన భుజం కొలిచింది, పద్దెనిమిదిన్నర. పొడవూ అంతే. ఎవరూ చెప్పకుండానే నేను పుస్తకంలో రాస్తూ పోయాను.

"చేతులెత్తు నాన్నా."

ఆ షాపులో ఆయన్ని ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. ఆయన అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు, తర్వాత ఎత్తాడు. చంక కింద చొక్కా చిరిగి ఉంది. ఊరందరికీ కుట్టే మనిషి, సొంత చొక్కాకి రెండు కుట్లు వేసుకోలేదు.

"డిగ్రీ చేశారా సార్?" అంది అక్క. వెక్కిరింతగా మొదలుపెట్టింది గాని, చివరికొచ్చేసరికి గొంతు మారిపోయింది.

నాన్న చేతులు దించలేదు. "రెండో ఏడు హాల్ టికెట్టు కూడా తెచ్చుకున్నాను. ఆ వారమే మీ తాతయ్య చెయ్యి పడిపోయింది. మిషను ఖాళీగా ఉంచితే ఎలా?"

"ఇప్పుడు డిగ్రీ కావాల్సింది నాకా, నీకా?"

టేపు ఆయన ఛాతీ చుట్టూ ఉంది. ఆయన ఊపిరి పీల్చడం, వదలడం అక్క వేళ్ళ మధ్య టేపు కదలడంలో తెలిసింది.

"నాకే" అన్నాడు.

అమ్మ లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అక్క టేపు తీసి మళ్ళీ ఆయన మెడలో వేసింది. పుస్తకంలో ఆఖరి గడిలో ఏం రాయాలో నాకెవరూ చెప్పలేదు. ఖాళీగా వదిలేశాను.

మర్నాడు పొద్దున నేను షాపులోకి వచ్చేసరికి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. "మీ అక్కని పిలు" అన్నాడు నాన్న. అక్క వచ్చింది. ఇంట్లో మనిషికి ఆయన టేపు పెట్టడం నేను అప్పుడే చూశాను. భుజం, ఛాతీ, చెయ్యి, పొడవు. ఒక్కొక్కటీ రెండేసిసార్లు కొలిచాడు, కొత్తగా పనిలో చేరినవాడిలాగా.

"భయమేస్తోందా?" అన్నాడు, టేపు తిప్పుతూ.

"చాలా" అంది అక్క, చేతులెత్తి. "ఇంకో ఏడాది ఆగితే ఈ కాస్త ధైర్యం కూడా ఉండదేమోనని ఇంకా భయం."

ఆయన ఊఁ కొట్టి, చెవి మీంచి పెన్సిల్ తీసి అంకెలు రాసుకున్నాడు.

ఆ చొక్కా భుజాల పట్టీలు ఖాళీగా ఉంచాడు. నేనడిగితే, "గీతలు అది తెచ్చుకుంటుంది. కుట్టడం మన పని" అన్నాడు. వానలు మొదలైన వారం అక్క వెళ్ళిపోయింది. బస్సు కిటికీ దగ్గర నిలబడి నాన్న చెప్పిందల్లా ఒకటే. "లోపల రెండంగుళాలు వదిలాను. ఒళ్ళు చేస్తే విప్పించుకో."

ఆ తర్వాతవన్నీ తొందరగా జరిగిపోయాయి, లేదా ఇప్పుడలా అనిపిస్తోంది. ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది నేను. నా కాన్వొకేషన్‌కి నాన్న ఆ గౌనునే నా కొలతకి కుదించి ఇచ్చాడు. పట్టా పుచ్చుకుని తిన్నగా వచ్చి ఈ బల్ల ముందు నిలబడ్డాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. డిగ్రీ ఉన్నది మిషను తొక్కుతుంది, లేనిది విమానం తోలుతుంది అని అమ్మ షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వుతుంది. అక్క భుజాల మీద మూడో గీత దాకా నాన్నే కుట్టాడు. ఆయన పోయి ఆరేళ్ళు.

నాలుగో గీత కోసం అక్క పోయిన నెల నా దగ్గరికి వచ్చింది. కణతల దగ్గర నెరిసింది, నడుము కాస్త వచ్చింది. పాత చొక్కా విప్పి చూస్తే లోపలి రెండంగుళాలూ ఎప్పుడో అయిపోయాయి. కొత్తది కుట్టాల్సిందే.

"చేతులెత్తు" అన్నాను. ఎత్తింది. ఇన్నేళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న అప్పుడు అడిగాను.

"డిగ్రీ చెయ్యలేదని ఎప్పుడైనా బాధపడ్డావా?"

"రెండుసార్లు" అంది, వెంటనే. "ఒక పెద్ద కంపెనీ ఫారంలో ఆ గడి ఖాళీగా వదలాల్సొచ్చింది. నాకంటే తక్కువ గంటలు ఎగిరినవాళ్ళని పిలిచారు, నన్ను పిలవలేదు. మూడేళ్ళు చిన్న విమానంలో పార్సెళ్ళు మోశాను. పొడుగు కెప్టెన్‌గారి రెండో సగం అప్పుడు బాగా గుర్తొచ్చింది. తర్వాత గంటలు పెరిగాయి, ఆ గడి గురించి అడగడం మానేశారు."

"రెండోసారి?"

"నీ కాన్వొకేషన్ రోజు. నా గౌను నీకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అంటే కత్తిరించేశాడన్నమాట అనుకున్నాను. ఇక నా మీద ఆశ లేదు నాన్నకి అని."

"పదహారేళ్ళు ఇది మనసులో పెట్టుకుని తిరిగావా?"

"నా నోట్లో నువ్వుగింజ నానుతుంది మరి."

నేను టేపు మెడలో వేసుకుని, బల్ల కింది సొరుగు లాగాను. గౌను కాగితంలో చుట్టి ఉంది. ఏడాదికోసారి బయటికి తీసి గాలి తగలనిస్తాను గాని, నాన్న వేసిన కుట్టు విప్పి చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ రోజు తిరగేసి, కింది అంచు దగ్గర బ్లేడు పెట్టి విప్పాను. మడత లోపల మడత. గుడ్డంతా అక్కడే ఉంది. ఒక్క పోగు కత్తిరించలేదు.

ఆ మడతల మధ్య, నా కొలతకి వేసిన కుట్టు అవతల, ఇంకో వరస కనిపించింది. తెల్లదారంతో వేసిన కచ్చా కుట్టు, పొడుగు పొడుగు టాకాలు. ముందుముందు ఎవరైనా విప్పితే ఎక్కడ కుట్టాలో తెలియడానికి వేసే గుర్తు. కింది అంచుకి ఉంది, చేతులకి ఉంది, భుజాలకి ఉంది. నేను భుజం దగ్గర టేపు పెట్టాను. పదిహేను.

"అది నా భుజం" అంది అక్క.

నాన్నది పద్దెనిమిదిన్నర. నాది పదమూడు ముప్పావు. ఆ తెల్లదారం మా ఇద్దరిదీ కాదు. వాన వారానికి ముందు, తెల్లచొక్కా కోసం రెండేసిసార్లు కొలిచి రాసుకున్న అంకెలవి.

అక్క టాకాల మీద బొటనవేలు పెట్టి, చివరిదాకా నడిపించింది. మళ్ళీ మొదటికి వచ్చింది. "నలభై ఏళ్ళదాన్ని ఎవరైనా కాలేజీలో చేర్చుకుంటారా?" అంది.

"ఊరికే అంటున్నావా, నిజంగా అడుగుతున్నావా?"

అక్క గౌనుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.